హిస్టరీని ‘ఇతర కోర్సులు’ గడిలో వేసినందుకు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా చదువుల మీద వచ్చిన రెండు పేజీల వ్యాసాన్ని మా నాన్నగారు ఫొటో తీసి పంపించారు. ‘మీ హిస్టరీ గురించి కూడా ఒక ముక్క రాశారమ్మా, చూడు’ అని కింద మెసేజ్. చూశాను. నిజంగానే ఒక ముక్కే. కంప్యూటర్ సైన్సుకి అర పేజీ, డేటా సైన్సుకి పావు పేజీ, బిజినెస్ అనలిటిక్స్‌కి ఒక పట్టిక ఇచ్చి, చివర్లో ‘ఇతర కోర్సులు’ అనే గడిలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీలకీ హిస్టరీకీ కలిపి రెండు వాక్యాలు కేటాయించారు. జ్ఞాపకశక్తి బాగా ఉండి, ఉద్యోగం తొందర లేనివాళ్లు చదువుకోవచ్చట. ఏఐ వచ్చాక దానికీ విలువ తగ్గిందట.

నేను అమెరికాలో అలాంటి ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో, అంటే అన్ని రకాల సబ్జెక్టులూ కలిపి డిగ్రీ చదివించే చిన్న కాలేజీలో, హిస్టరీ మేజర్‌ని. నా ప్రధాన సబ్జెక్టు అదే. ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఉద్యోగం తొందర నాకు బాగానే ఉంది. జ్ఞాపకశక్తే అంతంతమాత్రం. రాజుల వరస అడిగితే ఇప్పటికీ తడబడతాను. అయినా ఇన్నేళ్లలో నన్ను ఎవరూ ఆ వరస అడగలేదు. కాబట్టి ఇక్కడ అడిగేది ఏమిటో మీ పాఠకులకు చెప్పాలనిపించింది.

ముందు ఆ కాలేజీల సంగతి. మీ వ్యాసకర్త వాటిని ‘చిన్నపాటి యూనివర్సిటీలు’ అన్నారు. చిన్నవే గానీ యూనివర్సిటీలు కావు. విలియమ్స్ 1793లో, ఆమ్‌హర్స్ట్ 1821లో, ఓబర్లిన్ 1833లో, స్వార్త్‌మోర్ 1864లో మొదలయ్యాయి. ఇప్పటికీ వీటిలో విద్యార్థులు సుమారు మూడు వేలకు మించరు. దాదాపు అందరూ డిగ్రీ చదివేవాళ్లే. పీహెచ్‌డీ ప్రోగ్రాములు ఉండవు. పెద్ద యూనివర్సిటీల్లో అయితే వందల మంది కూర్చునే హాల్లో ప్రొఫెసర్ లెక్చర్ ఇస్తారు, మన పేపర్లు పీహెచ్‌డీ విద్యార్థులు దిద్దుతారు. ఇక్కడ దిద్దడానికి వేరే మనుషులు లేరు. పాఠం చెప్పినవారే దిద్దాలి. వినడానికి ఇది ఆఫీసు ఏర్పాటులా ఉంటుంది గానీ, హిస్టరీ చదివేవాళ్లకు అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. నా మొదటి సెమిస్టర్ పేపర్ల అంచుల్లో మా ప్రొఫెసర్ మళ్లీ మళ్లీ రాసిన మాట ఒక్కటే: ‘ఇది నీకెలా తెలుసు?’ తప్పు రాసిన చోట మాత్రమే కాదు, సరిగ్గా రాసిన చోట కూడా అదే మాట. క్లాసులో పదిహేను మంది లోపే ఉంటాం కాబట్టి మర్నాడు అదే మనిషి ఎదురుగా కూర్చుని, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి. వెనక బెంచీ అనేది ఉండదు. టేబుల్ చుట్టూ కూర్చోవడమే.

మొదటి సంవత్సరంలో చేసిన ఒక పాఠం చెబుతాను. ప్రొఫెసర్ ఏమీ వివరించకుండా రెండు ఇంటర్వ్యూల ప్రతులు చేతికిచ్చి చదువుకు రమ్మన్నారు. రెండూ 1937లో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో తీసుకున్నవి. ఆర్థిక మాంద్యం కాలంలో అమెరికా ప్రభుత్వం నిరుద్యోగ రచయితలకు పని కల్పించే ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ నడిపింది. అందులో భాగంగా 1936 నుంచి 1938 దాకా, ఒకప్పుడు బానిసలుగా బతికిన 2,300 మందికి పైగా వృద్ధులతో మాట్లాడి రాసుకున్నారు. అవన్నీ ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవొచ్చు.

ఆ రెండింటిలో ఒక ఇంటర్వ్యూలో సూజన్ హామ్లిన్ అనే ముసలావిడ తన యజమాని మంచివాడని, తమను బాగానే చూసుకున్నాడని చెబుతుంది. రెండో దానిలో సూజన్ హామిల్టన్ అనే ఆవిడ అదే ఊళ్లో జరిగిన కొరడా దెబ్బల గురించి, తల్లినో తండ్రినో తోబుట్టువునో చెప్పాపెట్టకుండా అమ్మేస్తుంటే రాత్రనకా పగలనకా వినిపించిన కేకల గురించి చెబుతుంది. ఇద్దరు వేర్వేరు మనుషులనుకుని చదివాం. యజమాని పేరు, వయసు, కుటుంబ వివరాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ ఒకరే. మొదటి ప్రతి రాసుకున్నది జెస్సీ బట్లర్ అనే తెల్లావిడ. రెండోది రాసుకున్నది ఆగస్టస్ లాడ్సన్ అనే నల్లజాతీయుడు.

క్లాసులో అందరం టకటకా తేల్చేశాం, రెండోదే నిజమని. మా ప్రొఫెసర్ కాదనలేదు, ఔననలేదు. మొదటి ఇంటర్వ్యూలో ఆ ముసలావిడ బట్లర్‌ని ఎవరనుకుని మాట్లాడుతోందో చూడమన్నారు. వెల్ఫేర్ ఆఫీసు మనిషి అనుకున్న ఆనవాళ్లు ఆ ప్రతిలోనే ఉన్నాయి. మాంద్యం రోజులు, సాయం అందుతుందో లేదో తెలియని వయసు, చుట్టూ తెల్లవాళ్ల పెత్తనం. అలాంటప్పుడు పాత యజమాని మీద చెడ్డ మాట ఎందుకు చెబుతుంది? సరే, అయితే రెండోది? లాడ్సన్ తను అడిగిన ప్రశ్నలు తీసేసి, ఆవిడ ఒక్క బిగిన చెప్పుకుపోయినట్టు రాశారు. ఏ ప్రశ్నకు ఆ జవాబు వచ్చిందో మనకు తెలియదు. పైగా ఆవిడ యాస ఎలా ఉండేదో కూడా రాసినవాళ్లు వేసిన స్పెల్లింగుల్లోంచే మనకు అందుతోంది. ఆ గంటంతా ఆ రెండు ప్రతుల మీదే గడిచింది. చివరికి కూడా రెండోదాన్నే ఎక్కువ నమ్మాం. కానీ ఎందుకు నమ్ముతున్నామో, ఎంతవరకు నమ్ముతున్నామో ఒక్కొక్కరం చెప్పగలిగాం. క్లాసులో ఉన్న ఒకే ఒక్క బయాలజీ విద్యార్థి అందరికన్నా బాగా చెప్పాడు, అది వేరే సంగతి.

ఈ కాలేజీల్లో హిస్టరీ ఒక్కటే చదివితే సరిపోదు. సైన్సు, గణితం, భాష, కళలు అన్నిట్లో కొన్ని కోర్సులు చేసి తీరాలి. నేను విసుక్కుంటూ తీసుకున్న స్టాటిస్టిక్స్ నాకు హిస్టరీ క్లాసులన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిందేమో అని ఇప్పుడు అనిపిస్తుంటుంది. అమెరికా జనాభా లెక్కల్లో 1920, 1930, 1940లలో భారతీయులను ‘హిందూ’ అనే జాతిగా రాశారు. సిక్కులైనా ముస్లింలైనా అదే గడి. 1970కి వచ్చేసరికి భారతీయులను తెల్లవాళ్లలో కలిపి లెక్కపెట్టారు. 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అని కొత్త గడి పెట్టారు. ఈ అంకెలను వరసగా గ్రాఫు గీస్తే మనవాళ్లు ఒకసారి మాయమై మళ్లీ ఊడిపడినట్టు కనిపిస్తుంది. మనుషులు ఎక్కడికీ పోలేదు, మారింది గడి. అంకె కనిపించగానే ఎవరు లెక్కపెట్టారు, ఏ గడిలో వేశారు అని అడగడం నాకు అక్కడే అలవాటైంది. (మీ వ్యాసంలోని గడి చూసి నాకు ఒళ్లు మండడానికి కారణం కొంత ఇదే కావచ్చు.) ఇంటింటికీ తిరిగి చేత్తో రాసిన ఆ లెక్కల కాగితాలు 72 ఏళ్ల తర్వాత జనానికి అందుబాటులోకి వస్తాయి. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. అలాంటి కాగితాల్లో ఒక పంజాబీ రైతు పేరును గుమాస్తా ఎంత చిత్రంగా రాసుకున్నాడో చూసి నవ్వుకోవడం, ఆ వెంటనే ఆ స్పెల్లింగుతో అతన్ని ఇంకే రికార్డులోనూ పట్టుకోలేక తల పట్టుకోవడం మాకు మామూలే.

ఇక నా థీసిస్, అంటే ఆఖరి సంవత్సరంలో రాసే పరిశోధన వ్యాసం. దాని గురించి చెప్పేముందు ఒక సవరణ. అదే ఆదివారం సంచికలో ప్రవాసుల మీద వేసిన మరో వ్యాసంలో, భారతీయులు అమెరికా పౌరులయ్యే హక్కు 1965 చట్టంతో వచ్చిందని రాశారు. కాదు. 1965 చట్టం దేశాలవారీ కోటాలు తీసేసి వలసకు దారి పెద్దది చేసింది. పౌరసత్వ హక్కు అంతకు 19 ఏళ్ల ముందే వచ్చింది. 1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన లూస్–సెల్లర్ చట్టం భారతీయులకు ఆ హక్కు ఇచ్చింది, ఏడాదికి వంద మందికి వలస కోటా కూడా పెట్టింది. ఆ చట్టం వల్లే దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. 1965 దాకా హక్కే లేకపోతే 1956లో ఆయన ఎన్నికవడం కుదిరేది కాదు. దయచేసి సరిచేయండి.

నా థీసిస్ దానికి ముందు కాలం మీద. 1790 చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్లలో ‘స్వేచ్ఛగా ఉన్న తెల్ల మనుషులు’ మాత్రమే పౌరులు కాగలరు. 1870లో ఆఫ్రికా సంతతిని చేర్చారు. మిగతావాళ్లు తెల్లవాళ్లమని కోర్టులో నిరూపించుకోవాల్సి వచ్చేది. 1922 నవంబరులో సుప్రీంకోర్టు జపాన్ నుంచి వచ్చిన టకావో ఒజావాకు పౌరసత్వం లేదంది. తెల్లవాళ్లంటే కాకేషియన్ జాతివాళ్లని, ఆయన కాకేషియన్ కాదని చెప్పింది. అప్పటి జాతిశాస్త్రం ఉత్తర భారతీయులను కాకేషియన్లలోనే లెక్కేసేది. అమృత్‌సర్ ప్రాంతం నుంచి వచ్చి, ఓరెగాన్‌లో కలప మిల్లుల్లో పనిచేసి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో తలపాగాతోనే చేరిన భగత్ సింగ్ థిండ్ కేసు రెండు నెలలకే అదే కోర్టు ముందుకొచ్చింది. 1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. శాస్త్రం ఏం చెబితే మాకేంటి, మామూలు మనిషి తెల్లవాడని ఎవరిని అనుకుంటాడో అదే చూస్తాం అని దాని సారాంశం. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. ఆయన కూడా ఇంగ్లండ్‌లో పుట్టి చిన్నప్పుడు వలస వచ్చినవాడే.

ఈ రెండు తీర్పులు పక్కపక్కన పెట్టుకుని చదివితే మన రక్తం ఉడుకుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే రాతలు చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. థిండ్ వీరుడు, కోర్టు దుర్మార్గం, అయిపోయింది. మా ప్రొఫెసర్ మాత్రం తీర్పుతో ఆగొద్దు, థిండ్ తరఫున కోర్టుకిచ్చిన వాదన పత్రం తెప్పించుకుని చదువు అన్నారు. మా చిన్న లైబ్రరీలో లేకపోతే ఇంకో లైబ్రరీ నుంచి తెప్పిస్తారు, దానికి మేం అడగడమే ఆలస్యం. అందులో సిక్కు అయిన థిండ్‌ని ‘అగ్రకులపు హిందువు’గా చూపించారు. కుల నియమాల వల్ల తమ రక్తం స్వచ్ఛంగా ఉండిపోయిందన్నారు. పెళ్లి విషయంలో అమెరికా తెల్లవాళ్లు నల్లవాళ్లను ఎలా చూస్తారో, తామూ భారతదేశపు ఆదివాసులను అలాగే చూస్తామని చెప్పుకున్నారు. అంటే తలుపు తెరవమని కొట్టడం లేదు. లోపలున్నవాళ్లతో, మేమూ మీలాంటివాళ్లమే, మిగతావాళ్లను మేమూ బయటే ఉంచుతాం అంటున్నారు.

ఆ పేజీ చదివాక కొన్నాళ్లు నాకు ఆ థీసిస్ ముట్టుకోబుద్ధి కాలేదు. టాపిక్ మార్చేద్దామా అని అడిగితే మా ప్రొఫెసర్, ‘ఇప్పుడే కదా నీకు టాపిక్ దొరికింది’ అన్నారు. ఆయన అన్నది నిజమే. వాళ్లు అలా ఎందుకు వాదించారు అన్నదే ప్రశ్న. చట్టమే అంత నీచంగా ఉన్నప్పుడు లాయర్లు ఆ చట్టం వాడిన మాటల్లోనే వాదించాలి కదా అని ఒక జవాబు. ఆ మాటలు కోర్టు కోసం అరువు తెచ్చుకున్నవి కావు, వాటిని వాళ్లు నిజంగానే నమ్మారు అని ఇంకో జవాబు. ఏది ఎంత అన్నది తేల్చాలంటే థిండ్ ఆ తర్వాత రాసినవి, ఇచ్చిన ఉపన్యాసాలు చూడాలి, అదే కాలంలో మిగతావాళ్లు ఏ వాదన చేశారో చూడాలి. నా రెండో చాప్టర్ అంతా అదే.

తీర్పు తర్వాత ప్రభుత్వం అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలను రద్దు చేయడం మొదలుపెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకున్న వైష్ణోదాస్ బాగాయ్ వాళ్లలో ఒకరు. పౌరసత్వం పోయింది, పౌరులు కాలేని విదేశీయులకు భూమి ఉండకూడదన్న కాలిఫోర్నియా భూచట్టం వల్ల ఆస్తి అమ్ముకోవాల్సి వచ్చింది, అమెరికా పాస్‌పోర్టు మీద స్వదేశం చూసొచ్చే వీలు లేకుండా పోయింది. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకుంటూ రాసిన ఉత్తరం అక్కడి పత్రికలో అచ్చయింది. ఇంకోవైపు, థిండ్ తరఫున వాదించిన లాయర్ సఖారాం గణేశ్ పండిట్. ఆయన పౌరసత్వం మీద కూడా కేసు వేస్తే కోర్టులో కొట్లాడి 1926లో గెలిచారు. ఆయన వాదన జాతి గురించి కాదు. మీరిచ్చిన పౌరసత్వాన్ని నమ్ముకుని ఇన్నేళ్లు లాయరుగా బతుకు కట్టుకున్నాను, ఇప్పుడు లాగేసుకోవడం అన్యాయం అన్నారు. సుప్రీంకోర్టు ఆ తీర్పులో వేలు పెట్టకపోవడంతో మిగతావాళ్ల మీద కేసులు కూడా ఆగిపోయాయి. అదే లాయరు, రెండు కేసులు, పూర్తిగా వేర్వేరు వాదనలు. నా దృష్టిలో మొత్తం కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన మనిషి ఈయనే. థిండ్ గురించి అడిగితే చెప్పేవాళ్లు ఉన్నారు, పండిట్ పేరు తెలిసినవాళ్లు తక్కువ.

ఏఐ సంగతికొస్తే, థిండ్ కేసు సారాంశం అడిగితే అది అర నిమిషంలో చక్కగా రాసిస్తుంది. మేమూ వాడతాం, దాచడమెందుకు. ఆ వాదన పత్రంలో ఇబ్బందిపెట్టే పేజీ ఒకటి ఉందని ముందే తెలిసి, దాని గురించి అడగాలని తోచినవాళ్లకు అది ఇంకా బాగా పనికొస్తుంది.

ఇంత చెప్పి మిగతాది దాస్తే నేను కూడా కాలేజీ బ్రోషర్ రాసినట్టే అవుతుంది. చిన్న కాలేజీల్లో ఇబ్బందులు తక్కువేమీ కావు. దక్షిణాసియా చరిత్ర చెప్పేవారు చాలా చోట్ల ఒక్కరే, కొన్ని చోట్ల ఆ ఒక్కరూ ఉండరు. ఆ ఒక్కరూ పరిశోధన సెలవు మీద వెళ్తే ఆ ఏడాది ఆ సబ్జెక్టు లేనట్టే. తెలుగు శాసనాల మీదో తెలుగు పత్రికల మీదో పనిచేయాలని ఎవరైనా ఇక్కడికి వస్తే, చేయి పట్టుకుని నడిపించేవారు దొరకడం కష్టం. అలాంటివాళ్లు పెద్ద యూనివర్సిటీ చూసుకోవడమే నయం. ఇక 2008 ఆర్థిక సంక్షోభం తర్వాతి పదేళ్లలో అమెరికా మొత్తం మీద హిస్టరీ డిగ్రీలు సుమారు మూడో వంతు తగ్గాయి. విద్యార్థులు తగ్గితే డిపార్టుమెంట్లలో ఖాళీ అయిన పోస్టులు నింపరు. ఆ నీడ మా కారిడార్లో కూడా కనిపిస్తోంది, పేరు తీసేసినా కొత్త పేరు పడని తలుపులున్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వీసా. మీ వ్యాసంలో నాకు బాగా లోటుగా కనిపించింది ఇదే. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివినవాళ్లకు డిగ్రీ అయ్యాక పనిచేసుకోవడానికి ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు ఇస్తారు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సులైతే ఇంకో 24 నెలలు కలిపి 36. హిస్టరీ ఆ జాబితాలో లేదు. నాలాంటివాళ్లకు ఏడాదిలో ఏదో ఒకటి తేలాలి, లేదా పై చదువుకి వెళ్లాలి, లేదా తిరిగి రావాలి. రాత్రి పన్నెండు దాటాక నాకు టెన్షన్ పెట్టేది థిండ్ కాదు, ఈ పన్నెండు నెలలే. మా క్లాసులో కొందరు విదేశీ విద్యార్థులు హిస్టరీతో పాటు గణితమో కంప్యూటర్ సైన్సో కలిపి డబుల్ మేజర్ చేస్తున్నారు, ఈ కాలేజీల్లో అది సులువు కూడా. నేను ఆ దారి పట్టలేదు. పట్టినవాళ్లను చూసి అప్పుడప్పుడు కుళ్లుకుంటాను.

అందుకని నా మనవి. వచ్చేసారి ఈ కాలేజీల గురించి రాసేటప్పుడు జ్ఞాపకశక్తి మాట వదిలేసి, ఈ ఓపీటీ లెక్క వేయండి. చదివించాలనుకునే తల్లిదండ్రులు కాలేజీని ర్యాంకు ఒక్కటే అడగకుండా, హిస్టరీలో శాశ్వత అధ్యాపకులు ఎందరున్నారు, ఆఖరి సంవత్సరం థీసిస్ రాయనిస్తారా, దాన్ని ఎవరు చదివి మార్కులేస్తారు అని అడగాలని రాయండి. స్వార్త్‌మోర్‌లో 1922 నుంచి ఆనర్స్ విద్యార్థులను బయటి కాలేజీల అధ్యాపకులు వచ్చి పరీక్షిస్తారు. ఇలాంటివి ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, రెండు ఈమెయిళ్లు పెడితే తెలిసిపోతాయి. విదేశీ విద్యార్థుల ఆర్థిక సాయం సంగతి కూడా అంతే. ఆమ్‌హర్స్ట్ లాంటి కొద్ది చోట్ల డబ్బు కట్టే స్తోమత చూడకుండా సీటిస్తారు, చాలా చోట్ల చూస్తారు.

ఇంకా రాయాలని ఉంది గానీ, పండిట్ కేసు కాగితాలు సగం పైగా అలాగే ఉన్నాయి. నెలాఖరులోగా మూడో చాప్టర్ ఇవ్వాలి.

ఇట్లు,
ఒక హిస్టరీ విద్యార్థిని
(పేరు ప్రచురించవద్దని మనవి)